వదిన కొలతలు

మార్చి 4

వదినా,

నవ్వకుండా చదువుతానంటేనే ముందుకి వెళ్ళు. నవ్వొస్తే కాగితం పక్కన పెట్టి, కడుపారా నవ్వేసి, మళ్ళీ మొదటినించి చదువు. ఫోన్లో చెబుదామంటే మనకి మూడో మాటకే కీచులాట. ఉత్తరమైతే చేరేసరికి ఎవరి కోపం వాళ్ళకి పాతబడిపోతుంది.

మొన్న పాఠం మధ్యలో నా చొక్కా చిరిగింది. కొత్తగా ఒక పళ్ళ డాక్టరుగారు నా దగ్గర కారు నేర్చుకుంటున్నారు. నోట్లో సూది గుచ్చేటప్పుడు వణకని చెయ్యి స్టీరింగు పట్టుకుంటే మాత్రం వణుకుతుంది. కారు వెనక్కి తీసుకోమంటే తిన్నగా ఫుట్‌పాత్ మీదున్న చెత్తడబ్బా మీదకి పోనిచ్చారు. నేను ఒక్క ఉదుటున చెయ్యి చాచి స్టీరింగు తిప్పాను. డబ్బా బతికింది. నా చంక కింద పర్రుమంది. మిగతా పాఠమంతా మోచెయ్యి పక్కకి అతికించుకుని చెప్పాను.

ఇంటికొచ్చి బీరువా తీస్తే నాలుగు బట్టలు మీద పడ్డాయి. అన్నీ మంచం మీద కుప్ప పోశాను. ఒకటి సగం ధరకి వస్తోందని కొన్నది. ఒకటి సన్నబడ్డాక వేసుకుందామని దాచింది. ఒకటి షాపులో బొమ్మకి బాగుందని తెచ్చింది. నేనేమో రోజంతా సీటు బెల్టు బిగించుకుని, పక్కవాళ్ళ స్టీరింగు మీదకి చేతులు చాచే మనిషిని. ఆ కుప్పలో అలాంటి మనిషి కోసం కుట్టింది ఒక్కటి లేదు. ఎవరో వేరే అమ్మాయి నా బీరువాలో కాపురం పెట్టినట్టుంది.

అందుకని ఒట్టు పెట్టుకున్నాను. ఇక కొనను. నాకు కావలసినవి నేనే కుట్టుకుంటాను. కింది వాటాలో ఉండే ముసలావిడ చూపు ఆనక మూల పెట్టేసిన కుట్టు మిషను నాకు ఇచ్చేసింది. నూనె వేశాను. తిరుగుతోంది, అప్పుడప్పుడు నా మాట కూడా వింటోంది.

ఇంకో సంగతి. ఆ కుప్పంతా మూట కట్టి పాతబట్టల దుకాణానికి ఇచ్చేశాను, నువ్వు కొనిపెట్టిన గుమ్మడిపండు రంగు కోటు కూడా అందులోనే వెళ్ళిపోయింది. తిట్టేదేదో ఉత్తరంలోనే తిట్టు.

నీ మిడత


మార్చి 13

మా మిడతకి, దీవెనలు, వాటి వెనకే ఒక మొట్టికాయ.

నవ్వకుండా చదవమన్నావు. రెండో వాక్యం దాకా ఓర్చుకున్నాను.

నువ్వు కుట్టడమేమిటే? స్కూల్లో రుమాలు కుట్టమంటే నీ గౌనుకి కలిపి కుట్టేసుకుని, ఒళ్ళో రుమాలు వేలాడుతూ ఇంటికొచ్చిన దానివి. పోనీ నాకేమన్నా వచ్చా అంటే అదీ లేదు, మనింట్లో గుండీలు కుట్టేది మీ అన్నే. లిఫ్టులు బాగుచేసే చేత్తో అంత చిన్న సూది ఎలా పట్టుకుంటాడో ఆయనకే తెలియాలి. అయినా సలహా చెప్పడానికి పని రావాలని ఎక్కడా లేదు కాబట్టి చెబుతున్నాను: ముందు దిండు గలీబు కుట్టు. దిండు నిన్ను తిట్టదు.

కోటు సంగతి. ఆ రంగు కోసం నేను నాలుగు దుకాణాలు తిరిగాను. నీకు ఏడేళ్ళప్పుడు నేను మీ ఇంటి కోడలిగా వచ్చి, నీకు ఈత నేర్పుదామని నీళ్ళలో దించితే, మిడతలా ఎగిరి గట్టు మీద పడ్డావు. ఆరోజు నించీ నువ్వు గుంపులో ఎక్కడున్నా నాకు కనబడాలని ఒక పిచ్చి. అందుకే ఆ రంగు. సరే, కోటుని పంపించేశావు. దాన్ని కొన్న మనిషిని కూడా మూట కట్టేముందు ఒకమాట చెప్పు, నేను నా చెప్పులు తెచ్చుకుంటాను.

నేను పిల్లలకి ఈత నేర్పే కొలను మూసేశారు. నీళ్ళు తోడేసి టైల్స్ మారుస్తున్నారట, నెలలు పట్టేట్టుంది. నేను ఇంట్లోనే ఉంటున్నాను, అక్కడికి ఫోన్ చెయ్యకు.

ఆ పళ్ళ డాక్టరు గురించి వివరంగా రాయి. నీ ఉత్తరంలో నా కోటుకి రెండు వాక్యాలు, ఆయనకి ఒక పేరా. లెక్కలు నాకూ వచ్చు.

మీ వదిన


ఏప్రిల్ 5

వదినా,

దిండు గలీబు కుట్టాను. దిండు తిట్టలేదు గానీ లోపలికి వెళ్ళనని మొరాయించింది. మొత్తానికి దాన్ని మడిచి కుక్కాను. ఇప్పుడు అది దిండు కాదు, ఇటుక.

తర్వాత ధైర్యం చేసి పాత దుప్పటి మీద చొక్కా కత్తిరించాను. ముందు న్యూస్‌పేపరు మీద గీసుకుని, దాన్ని గుడ్డ మీద పరిచి కత్తిరించాలి. అంతా పద్ధతిగానే చేశాను. కుట్టడం అయ్యాక చూస్తే రెండు చేతులూ ఎడమవే. తొడుక్కుని అద్దంలో చూసుకుంటే మంచం లేచి నడిచొచ్చినట్టుంది. విప్పి మళ్ళీ కుట్టాను. కుట్టడం కన్నా విప్పడం బాగా వచ్చేస్తోంది నాకు.

ఒకటి మాత్రం తెలిసింది. ఏం కుట్టాలి అన్నది రెండో ప్రశ్న. అది వేసుకుని నేనేం చేస్తాను అన్నది మొదటిది. కూర్చుంటాను, చేతులు చాస్తాను, ఎండ పక్క కిటికీ దగ్గర ఉడుకుతాను, సాయంత్రం నడిచి ఇంటికొస్తాను. అందుకని నా బీరువాలో ఇక ముదురు నీలం, బూడిద, ఇటుక రంగులే. ప్రతి చొక్కా ప్రతి ప్యాంటుతోనూ సర్దుకుపోవాలి, అలగడాలు లేవు. వీపు దగ్గర చెయ్యి చాచడానికి వీలుగా ఒక మడత. తాళాలకి నిజమైన జేబు. ఇంతే.

వెడల్పు భుజాల మీద అభ్యాసం కావాలని మొన్న పాఠం అయ్యాక డాక్టరుగారిని కారు పక్కన నిలబెట్టి టేపు వేశాను. పాపం కదలకుండా నిలబడ్డారు. "నోరు కూడా తెరవాలా?" అని అడిగారు. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు.

సరే, అసలు మాట. నేను కుట్టే మొదటి మంచి చొక్కా నీకే. నీ కొలతలు పంపు. మేలో నాకు వారం సెలవు ఉంది. వచ్చి నేనే తొడుగుతాను.

నీ మిడత


ఏప్రిల్ 21

మిడతా,

ఈ కోడిగీతలు చూసి కంగారు పడకు. బీరువా తలుపులో బొటనవేలు నలిగింది, కలం నిలవడం లేదు. అందుకే పొట్టి ఉత్తరం.

ఛాతీ ముప్ఫై ఎనిమిది. నడుము ముప్ఫై నాలుగు. భుజం పదిహేను. మిగతావి నీ ఊహకి వదిలేస్తున్నాను.

మేలో రాకు. ఇంటికి రంగులు వేయిస్తున్నాం. సామానంతా మధ్యగదిలో గుట్ట, పడుకోడానికి చోటు లేదు. తర్వాత చూద్దాం.

డాక్టరు భుజాలు వెడల్పన్న వాక్యం మీ అన్నకి చదివి వినిపించాను. "కారు నేర్చుకోవడం పూర్తయ్యేలోపు తేల్చుకోమను, ఆ తర్వాత కనబడడు" అన్నాడు. ఆయన ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం పెళ్ళయ్యాక ఇది మూడోసారి.

మీ వదిన


మే 10

వదినా,

కోపం వచ్చిందా?

నీ ఉత్తరం అటూ ఇటూ తిప్పి చూశాను, అరపేజీ దాటలేదు. తిట్లు లేవు. వెక్కిరింత ఒక్కటంటే ఒక్కటి, అదీ అన్న మీద తోసేశావు. ఫోన్ చేస్తే పడుకున్నావని, స్నానంలో ఉన్నావని అన్న అంటాడు. నువ్వు అంతసేపు స్నానం చేసేది కొలనులో తప్ప ఇంట్లో కాదు. కోటు సంగతి మనసులో పెట్టుకున్నావని నాకు అర్థమైంది.

అందుకని దాన్ని వెనక్కి తెద్దామని పాతబట్టల దుకాణానికి వెళ్ళాను. అమ్ముడుపోయిందన్నారు. నిన్న పాఠం చెబుతూ స్కూలు వీధిలోకి తిప్పితే కనబడింది. పిల్లల్ని రోడ్డు దాటించే ఆవిడ వేసుకుని నిలబడింది. ఆ రంగుకి కార్లు ఆమడ దూరంనించే ఆగిపోతున్నాయి. అడుగుదామని దిగబోయి మళ్ళీ కూర్చున్నాను. నా ఒంటి మీద అది కోటు, అక్కడ దానికి ఉద్యోగం. నువ్వు చూసినా అడగవు.

ఇక మీరిద్దరూ తెగ మురిసిపోతున్న డాక్టరుగారికి అరవై దాటాయి. ముగ్గురు మనవలు. ఆడమనిషి. ఆవిడ భర్త పోయాక కారు మూలపడి ఉందని నేర్చుకుంటున్నారు. మర్యాదగా 'వచ్చారు, చేశారు' అని రాస్తే 'ఆయన' అని నీకు నువ్వే తేల్చేసుకున్నావు.

చొక్కా పంపుతున్నాను. ముదురు నీలం నూలుగుడ్డ, మూడుసార్లు ఉతికి మెత్తబరిచాను. ఛాతీ దగ్గర గుడ్డని లోపలికి ముడిచి కుట్టి, నువ్విచ్చిన కొలతకి సరిగ్గా ఒంపు వచ్చేలా డాట్లు పట్టాను, అవి కుదరడానికి రెండు ఆదివారాలు పోయాయి. కాలరు కొంచెం నన్ను చూసి నవ్వుతున్నట్టు ఉంటుంది, పట్టించుకోకు. తొడుక్కుని ఎక్కడ పట్టిందో, ఎక్కడ వదులో దాచకుండా రాయి.

నీ మిడత


మే 25

మిడతా,

చొక్కా అందింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఎక్కడా పట్టలేదు, ఎక్కడా వదులు లేదు. వేసుకుని కూరగాయలకి వెళితే ఇద్దరు ఆపి ఎక్కడ కుట్టించానని అడిగారు. మా ఆడపడుచు కుట్టిందంటే నమ్మలేదు. రెండు చేతులా సంచులు మోసుకొచ్చినా కుట్టు చెక్కుచెదరలేదు.

ముగ్గురు మనవలున్న ఆవిడకి నిన్నిచ్చి పెళ్ళి చేసేశానన్నమాట. మీ అన్నని కొత్త సూటు కొనుక్కోమని కూడా చెప్పాను. ఇప్పుడు వద్దని చెప్పాలి.

కోటు మీద నాకు కోపం లేదు. నిజంగా లేదు. అది పిల్లల్ని దాటిస్తోందంటే సంతోషమే.

రంగుల పని ఇంకా తెమల్లేదు.

మీ వదిన


జూన్ 3

వదినా,

నిన్న నాకోసం రెండో చొక్కా పూర్తి చేశాను. ఇస్త్రీ చేసి, మడత నలక్కుండా రెండు చేతుల చివర్లూ వీపు మీదకి మడిచి, ఒకదానికొకటి కలిపి కచ్చా కుట్లు వేశాను. అంటే తొడుక్కునే ముందు పీకేసే పెద్ద పెద్ద కుట్లు. వేస్తూ ఉంటే చెయ్యి ఆగిపోయింది. నీ చొక్కాకీ అలాగే వేశాను. పీకకుండానే పంపేశాను.

ఆ చొక్కా ఉన్నది ఉన్నట్టు తొడుక్కుంటే చేతులు వెనక్కి విరిచి కట్టేసిన దొంగలా ఉండాలి నువ్వు. ఆ అవతారంలో రెండు చేతులా సంచులు మోశావా? ఇద్దరు ఆపి, ఎక్కడ కుట్టించావని అడిగారా, ఎక్కడ దొరికిపోయావని అడిగారా?

కుట్లు పీకేసి వేసుకున్నానని అంటావేమో. వదినా, నువ్వే ఆ కుట్లు చూసి ఉంటే ఈ పాటికి నాలుగు పేజీలు రాసి, అన్నకి చదివి వినిపించి, నన్ను ఏడాదిపాటు ఏడిపించేదానివి. అలాంటి అవకాశం చేజార్చుకునే వదిన నాకు లేదు. నువ్వా చొక్కా విప్పి కూడా చూడలేదు.

అన్నకి ఫోన్ చేశాను. ఇంటికి ఏం రంగు వేశారని అడిగితే "ఏ రంగు?" అన్నాడు. మళ్ళీ సర్దుకుని "ఆ, రంగా, తెలుపు" అన్నాడు. ఇంకేదో అడగబోతే "మీ వదిననే అడుగు" అని పెట్టేశాడు. కొలనుకి కూడా చేశాను. ఫోనెత్తినాయన మాట నాకు వినబడలేదు, వెనక పిల్లలు దూకుతున్న చప్పుడు అంత గట్టిగా ఉంది. నీళ్ళు తోడేసిన కొలనులో ఎక్కడికి దూకుతున్నారు వాళ్ళు?

నా మీద కోపముంటే కోపమని రాయి, పడతాను. నేను కుట్టింది నచ్చకపోతే నచ్చలేదని రాయి, అదీ పడతాను. ఈ మెచ్చుకోళ్ళు మాత్రం భరించలేను. అబద్ధం మర్యాదస్తులు చెప్పుకునేది. మన మధ్య మర్యాద ఎప్పటినించి మొదలైంది?

మిడత


జూన్ 12

మిడతా,

దొరికిపోయాను.

పొట్లం విప్పాను. చొక్కా తీశాను. ముందువైపు నువ్వు అంత పొందిగ్గా పట్టిన డాట్లు చూశాను. అంతే, మడత విప్పకుండా బీరువాలో పైఅరలో పెట్టేశాను. నీ మీద కోపంతో కాదు. కోటు సంగతి అసలే కాదు.

నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే నాకు ఆపరేషన్ ఖాయమైంది. కుడి రొమ్ములో గడ్డ. ఆ నెలాఖర్లో రొమ్ము మొత్తం తీసేశారు. చంకలో కూడా కోశారు, అందుకే చెయ్యి మాట వినలేదు, అక్షరాలు అలా వచ్చాయి. తలుపుకి ఏ పాపం తెలీదు. గడ్డ ఇంకెక్కడికీ పాకలేదన్నారు. ఇప్పుడు మాత్రలు మింగడం, చెయ్యి లేవడం కోసం గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళని పైకి పాకించడం, ఇదే పని. కొలతలు పాత గౌను పరిచి కొలిచి పంపాను. రంగులు లేవు, టైల్స్ లేవు.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. చెబితే నువ్వు పాఠాలు మానేసి వచ్చి వాలతావు. నన్ను చూసి ఏడుస్తావు. అప్పుడు నిన్ను ఓదార్చాలి, నాకా ఓపిక లేదు. ఇది ఒక కారణం.

ఇంకోటి ఉంది. ఇంటికి ఎవరొచ్చినా గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. మంచం అంచున కూర్చుని నా మోకాలు నిమురుతున్నారు. పక్కింటావిడ నాతో పోట్లాట మానేసింది, ఇన్నేళ్ళుగా చెత్త దగ్గర పోట్లాడుకుంటున్నాం కదా, అదీ పోయింది. మీ అన్న నేను చేసిన చారు ఎలా ఉన్నా బాగుందంటున్నాడు. నీ ఉత్తరాల్లో ఒక్కచోటే నేను ఎప్పటి వదినని. నువ్వొక్కదానివే నన్ను ఏడిపిస్తున్నావు. తెలిస్తే నువ్వూ ఏడిపించడం మానేసి, ఏడవడం మొదలుపెడతావని భయపడ్డాను.

చొక్కా ఇవాళ తీసి కుట్లు చూశాను. నిజంగానే వీపు మీద చేతులు కట్టుకుని ఉంది. చాలా రోజుల తర్వాత పైకి నవ్వాను. మీ అన్న వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు, ఏమైందోనని.

మీ వదిన


జూన్ 17

వదినా,

రెండు రోజులు ఏడ్చాను. పాఠాలు చెబుతూ కూడా ఏడ్చాను. తన డ్రైవింగు చూసే ఏడుస్తున్నానని ఒకబ్బాయి పరీక్షకే వెళ్ళనంటున్నాడు. నా వంతు అయిపోయింది. ఇక ఏడిపించే పని మొదలుపెడుతున్నాను.

నీతో పెద్ద పోట్లాట ఉంది. నువ్వు ఆపరేషన్ బల్ల మీద ఉన్న రోజుల్లో నేను దిండు గలీబు గురించి రాసుకుంటూ కూర్చున్నాను. అది నువ్వు నాకు చేసిన అన్యాయం, కనబడినప్పుడు అడుగుతాను. వాయిదా వేశానంతే, మాఫీ కాదు. నోరు కుట్టేసుకున్న ఆ లిఫ్టు మనిషికి కూడా చెప్పు. కుట్టు పని నాకన్నా ఆయనకే బాగా వచ్చినట్టుంది.

ఇప్పుడు పని. నువ్వు పంపిన కొలతలు ఎవరో వేరే ఆవిడవి. ఆవిడకి చొక్కా పంపేశాను. ఇప్పుడు నీకు కుట్టాలి. గౌనుని కాదు, నిన్ను కొలువు. రొమ్మెముక మధ్యనించి కుడివైపు వేరుగా, ఎడమవైపు వేరుగా. భుజం నించి కిందకి కూడా రెండు పక్కలా వేరుగా.

ఇవి కూడా రాయి. కుడి చెయ్యి ఎంతవరకు లేస్తుంది? తల మీదనించి తొడుక్కోగలవా, ముందు గుండీలుంటే నయమా? గుండీ పెట్టుకోడానికి వేళ్ళు సహకరిస్తాయా? ఏ గుడ్డ గుచ్చుతోంది, ఏ కుట్టు ఒరుసుకుంటోంది? పొద్దున లేవగానే నీ చెయ్యి బీరువాలో దేనిమీదకి పోతోంది, దేన్ని చూసి వెనక్కి వస్తోంది? నా బీరువాని అడిగిన ప్రశ్నలే ఇవి. నీ బీరువాని కూడా ఎవరో ఒకరు అడగాలి.

రమ్మంటే వస్తాను. వద్దంటే కొలతలు పంపు. రెండూ కుదరదంటే మాత్రం చెప్పాపెట్టకుండా దిగుతాను.

నీ మిడత


జూన్ 30

మిడతా,

నిన్ను కుట్టుపనికి వదిలేయడం తప్పయింది, పోలీసు ఉద్యోగానికి పంపాల్సింది. ఎన్ని ప్రశ్నలే.

ఇంట్లో గుడ్డ టేపు కనబడలేదు. మీ అన్న తన ఇనప టేపు తెచ్చాడు, లిఫ్టు గోతులు కొలిచేది. అది చల్లగా తగిలేసరికి కెవ్వుమన్నాను. ఆయన టేపుని అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు వెచ్చబరిచి మళ్ళీ పట్టాడు.

అప్పటిదాకా అద్దం మీద దుప్పటి కప్పి ఉంచాను. స్నానం కూడా కిందకి చూడకుండానే. "అద్దం లేకుండా టేపు వంకర పోతుంది" అన్నాడు మీ అన్న. సరే తియ్యమన్నాను.

చూశాను. అడ్డంగా ఒక గీత, చంక వైపు కొంచెం ముడత. భయపడినంత లేదు. భయపడినంత ఉంది కూడా. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన కొలుస్తూనే ఉన్నాడు. "కుడివైపు ఏడున్నర. ఎడమవైపు తొమ్మిదింబావు" అని పైకి చదువుతూ రాసుకున్నాడు. "ఊపిరి బిగబట్టకు, కొలత తప్పొస్తుంది" అన్నాడు. గొంతులో జాలి లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు కొలవాలన్న జాగ్రత్తే ఉంది. ఆ జాగ్రత్తకి నాకు ఏడుపొచ్చింది. అప్పుడు మాత్రం టేపు పక్కన పెట్టి కూర్చున్నాడు.

ఇక జవాబులు. చెయ్యి భుజం దాటి కొంచెం లేస్తుంది, చెవి దాకా రాదు. ముందు గుండీలే నయం, పెద్దవి. చంక కుట్టు ఒరుసుకుంటోంది. పొద్దున లేస్తే నా చెయ్యి మీ అన్న పాత చొక్కాల మీదకే పోతోంది. ఆయనకి ఇప్పుడు రెండే మిగిలాయి. వెనక్కి వచ్చేది ఈత డ్రెస్సు చూసి. దాన్ని వెనక్కి తోశాను.

కొలనువాళ్ళు రమ్మంటున్నారు. గట్టు మీద నిలబడి చెప్పినా చాలట. నాకు గట్టు మీద నిలబడడం రాదు, నీళ్ళలో పిల్లల పొట్ట కింద చెయ్యి పెట్టి ఉంటేనే మాట వస్తుంది. డ్రెస్సు లోపల కుడివైపు మెత్త పెట్టుకోడానికి జేబులాంటిది కుట్టగలవా? పైకి రెండు పక్కలా ఒకేలా కనబడితే చాలు.

మీ వదిన


ఆగస్టు 9

వదినా,

పెద్ద పొట్లం ఇది. అన్నని విప్పమను.

మూడు చొక్కాలు. ముందు గుండీలు, ఒక్కొక్కటీ నాణెమంత. కుడి చంక దగ్గర గుండ్రం లోతుగా తీశాను, కుట్టు నీ ఒంటికి తగలకుండా బయటికి మళ్ళించాను. కుడివైపు డాట్ లేదు. అక్కడ చిన్న మడతలు పెట్టాను, గుడ్డ తనంతట తాను జారుతుంది. రంగులు నావే, నీలం, బూడిద, ఇటుక. అన్నీ అన్నింటితో కలుస్తాయి. అన్న చొక్కాలు అన్నకి ఇచ్చెయ్యి, ఆ మనిషి ఒంటి మీద ఏముందో అని నాకు బెంగగా ఉంది.

ఈత డ్రెస్సు నా ప్రాణం తీసింది. సాగే గుడ్డ కుట్టడమంటే బల్లిని పట్టుకుని బారు కొలవడం. మామూలు సూదులు పటపటా విరిగాయి. వేరే రకం సూది ఉంటుందని అప్పుడు తెలిసింది. నాలుగోసారికి కుదిరింది. లోపల కుడివైపు జేబు, అందులో మెత్త. పైకి తేడా తెలీదు, నీ కొలతలకి కట్టిన దిండుకి తొడిగి, అటూ ఇటూ తిప్పి చూశాను.

కచ్చా కుట్లన్నీ పీకాను. నమ్మకం చాలక డాక్టరుగారికి ఇచ్చాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, చిన్న అద్దం పుల్ల తెచ్చి, దంతాలు చూసినట్టు ఒక్కో కుట్టూ చూశారు. "పుచ్చు లేదు" అన్నారు. అన్నట్టు ఆవిడ పరీక్ష పాసయ్యారు. చెత్తడబ్బాలన్నీ క్షేమం.

నెలాఖర్లో వస్తున్నాను. ఇంటికి నిజంగానే రంగులు వేయిస్తున్నా సరే వస్తాను. పోట్లాట బాకీ ఉంది.

నీ మిడత


ఆగస్టు 21

మిడతా,

చొక్కాల గురించి ఏ మెచ్చుకోలూ రాయను, నీకు పడవు. ఇటుక రంగుదానికి మెడ వెనక గుచ్చుతోంది. నీలందానికి కింది గుండీ కాజాలో పట్టడం లేదు, మీ అన్న సరిచేశాడు. మూడూ మార్చి మార్చి వేసుకుంటున్నాను. పక్కింటావిడ చెత్త దగ్గర ఆపి, "ఏమిటి, రోజూ కొత్త బట్టలు" అని మూతి తిప్పింది. మా పోట్లాట మళ్ళీ మొదలైంది. ప్రాణం లేచొచ్చింది.

నిన్న పొద్దున్నే, పిల్లలు రాకముందు, కొలనుకి వెళ్ళాను. నీ డ్రెస్సు వేసుకుని అద్దం ముందు నిలబడితే రెండు పక్కలా ఒకేలా ఉంది. మెట్లు దిగాను. నీళ్ళు నడుము దాకా రాగానే కాళ్ళు వాటంతటవే పైకి లేచాయి, నన్ను అడగలేదు. కుడి చెయ్యి సగమే తిరుగుతోంది. తిన్నగా పోదామంటే గోడవైపు వంకరగా పోతున్నాను, నీ డాక్టరుగారు కారు నడిపినట్టు. అయినా పోయాను.

సగం దూరం వెళ్ళేసరికి నీ మెత్త నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. అవతలి గట్టు చేరేసరికి కుడివైపు ఇటుక కట్టుకుని ఈదుతున్నట్టుంది. గట్టు పట్టుకుని కాసేపు ఆయాసపడ్డాను. అప్పుడు జేబులో చెయ్యి పెట్టి దాన్ని బయటికి లాగి గట్టు మీద పడేశాను. చప్పుమని పడింది. అక్కడ తుడుస్తున్నావిడ చూసి, "టీచరుగారూ, మీదేదో జారిపడింది" అంది.

"పడనీ, అక్కర్లేదు" అన్నాను.

మళ్ళీ ఈదాను. కుడిపక్క డ్రెస్సు నీళ్ళకి బుడగలా లేచి ఆడుతోంది. ఒళ్ళు మాత్రం ఎంత తేలిగ్గా ఉందో నీకు చెప్పలేను. ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో తెలీదు. తల ఎత్తేసరికి పిల్లలు వచ్చేసి గట్టు మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఎక్కి బయటికి పోదామా అనుకున్నాను. పోలేదు.

ముందు వరసలో ఒక చిన్నపిల్ల, పళ్ళు ఊడిన పిల్ల, నన్నే చూస్తోంది. "టీచర్, అటుపక్క మీకేమైంది?" అని అడిగింది.

"జబ్బు చేస్తే డాక్టర్లు తీసేశారు."

"నొప్పిగా ఉందా?"

"ఇప్పుడు లేదు."

"అయితే నన్ను లోతు వైపుకి ఎప్పుడు తీసుకెళ్తారు?"

చేతులు చాచాను. దూకింది. పొట్ట కింద ఎడమ చెయ్యి పెట్టాను, మాటలన్నీ వాటంతటవే వచ్చేశాయి.

వచ్చేటప్పుడు బట్టలు తక్కువ తెచ్చుకుని మిషను తీసుకురా, మీ అన్న స్టేషనుకి వచ్చి మోస్తాడు. ఆ సాగే గుడ్డ ఇంకొంచెం తే. నాకు ఇంకో ఈత డ్రెస్సు కావాలి. ఈసారి జేబు వద్దు. కుడివైపు ఎంత ఉందో అంతకే కుట్టు.

మీ వదిన